వేడిని తిప్పికొట్టే కుర్చీలు

కాకరవాడ బాలికల సంక్షేమ వసతిగృహంలో భోజనాల హాలుకి రెండు తలుపులున్నట్టు రికార్డుల్లో ఉంది. ముందు తలుపు అందరికీ కనబడుతుంది. వెనక తలుపు కనబడాలంటే దానికి అడ్డంగా పేర్చిన విరిగిన ప్లాస్టిక్ కుర్చీల గుట్టని తియ్యాలి. గుట్టని తియ్యాలంటే ఆ కుర్చీలు నిజంగానే విరిగాయని కండెమ్నేషన్ కమిటీ వచ్చి తేల్చాలి. కాలు లేని కుర్చీకి కాలు లేదని చెప్పడానికి జిల్లా డిప్యూటీ డైరెక్టరూ, ఇంజనీరూ, అకౌంట్స్ ఆఫీసరూ ముగ్గురూ ఒకేసారి ఒకేచోట నిలబడి సంతకాలు పెట్టాలి. ఆ ముగ్గురికీ ఒకేరోజు తీరుబడి దొరకడం ఆ జిల్లా చరిత్రలో ఇంకా జరగలేదు. అందాకా విరిగిన కుర్చీ కూడా ప్రభుత్వ ఆస్తే. దాన్ని బయట పడేస్తే నేరం, పిల్లల దారికి అడ్డంగా పెడితే భద్రపరచడం.

వార్డెన్ మంగతాయారుకి ఆ హాస్టల్లో మిగతా కష్టాలన్నీ అలవాటైపోయాయి. నీళ్ల మోటారు మొరాయించినా, పప్పులో రాళ్లొచ్చినా ఆవిడ నిదానంగానే సర్దుకొచ్చేది. ఈ తలుపు విషయమే ఆవిడకి గొంతులో ముల్లులా ఉండేది. భోజనాల హాలుకీ వంటగదికీ మధ్య సగం గోడే ఉంది, వంటగదికి వేరే దారి లేదు. గోడకి ఆ పక్కన పెద్ద గ్యాసు పొయ్యి, ఈ పక్కన కుర్చీల గుట్ట. పొయ్యి దగ్గర ఎప్పుడైనా ఏదైనా అయితే, బంతుల్లో కూర్చున్న పిల్లలందరూ ఒక్క ముందు తలుపులోంచే తోసుకుంటూ బయటపడాలి. వాళ్లలో ఆరో తరగతి పిల్లలు మరీ చిన్నవాళ్లు. ఈ ఆలోచన వచ్చినరోజున ఆవిడ కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోయేది.

ఒకరోజు సాంబారు కాగుతుండగా వంటమనిషి నూకరత్నం గరిటె పట్టుకునే హాల్లోకి వచ్చింది.

"అమ్మగారూ, ఓసారి ఇలా రండి. కుర్చీలు మీకు దణ్ణం పెడతన్నాయి."

మంగతాయారు వెళ్లి చూసింది. గుట్టలో పొయ్యి వైపున్న కుర్చీలు నడుములు ఒంగి, వీపులు ముందుకి వాలిపోయి ఉన్నాయి. ఘాటుగా కమురు వాసన వస్తోంది.

"మంటేమైనా తగిలిందా రత్నం?"

"మంటెక్కడ, కుర్చీలెక్కడండీ. మజ్జలో మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. ఊరికే సెగకే ఇలాగయిపోయినాయి. ఇయ్యాల ఒంగినాయి, రేపు అంటుకుంటాయి. అప్పుడు మనవెటు పోవాలండి?"

మంగతాయారు ఆ పూటే జిల్లా కార్యాలయానికి కాగితం పెట్టింది. పొయ్యి సెగకి కుర్చీలు మెత్తబడుతున్నాయనీ, వాటిని తీయించి వెనక తలుపు తెరిపించమనీ రాసింది. ఇంతకంటే తేలికైన విన్నపం ఆ కార్యాలయానికి అంతవరకూ రాలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే.

సరిగ్గా ఆ వారమే డిప్యూటీ డైరెక్టర్ వాచస్పతిగారు ఓ పెద్ద నగరంలో సదస్సుకి వెళ్లొచ్చారు. అగ్నిప్రమాదాల్లో ప్లాస్టిక్కులు ఎలా ప్రవర్తిస్తాయి అనేది అక్కడి విషయం. ఒక ప్రొఫెసరుగారు శ్రద్ధగా వివరించారు. ప్లాస్టిక్కు అంటుకోవడానికి మంట వచ్చి తాకక్కర్లేదట. మంటనుంచి వేడి కిరణాలుగా బయల్దేరి, దూరంగా ఉన్న వస్తువు మీద పడుతుందట. పడినదాంట్లో కొంత వెనక్కి తిరిగిపోతుంది, దాన్ని పరావర్తనం అంటారు. మిగతాది వస్తువు పీల్చుకుంటుంది, దాన్ని శోషణం అంటారు. పీల్చుకున్న కొద్దీ ప్లాస్టిక్కు మెత్తబడి, ఆవిర్లు వదిలి, ఆఖరికి తనంతట తానే అంటుకుంటుంది. వాచస్పతిగారు శోషణం, పరావర్తనం అనే రెండు మాటలూ డైరీలో రాసుకుని కింద గీత గీసుకున్నారు.

ఆ తరవాత ప్రొఫెసరుగారు అసలు సంగతి చెప్పారు. తెల్లచొక్కా ఎండకి పనికొస్తుంది గానీ, పొయ్యి సెగ ఎండలాంటిది కాదు. మన కంటికి తెల్లగా కనబడే ప్లాస్టిక్కూ, నల్లగా కనబడేదీ ఆ సెగ ముందు ఇంచుమించు ఒకటే. కాబట్టి రంగుల్ని నమ్ముకోకుండా వస్తువుని మంటకి దూరంగా పెట్టండి, మనుషులు పోయే దారి ఖాళీగా ఉంచండి అన్నారు. ఆ సమయానికి వాచస్పతిగారు హాలు బయట టీ దగ్గర జీడిపప్పు పకోడీల వరసలో ఉన్నారు. పకోడీలు బాగున్నాయని తిరిగొచ్చాక అందరికీ చెప్పారు కూడా.

అలా సగం విజ్ఞానంతో, పూర్తి ఉత్సాహంతో ఆయన కాకరవాడ వచ్చారు. కుర్చీల గుట్ట ముందు నిలబడి, మ్యూజియంలో విగ్రహాన్ని చూసినట్టు తల పక్కకి వాల్చి చూశారు.

"ఈ కుర్చీలు ఏ రంగమ్మా?"

"కొన్ని ఎరుపండి, కొన్ని నీలం. ఆ అడుగువి నల్లవి."

"అదీ సంగతి. ఇవన్నీ శోషకాలు. వేడి కనబడితే చాలు, పీల్చేస్తాయి. మీరేమో తలుపు తియ్యమని రాశారు. తలుపుకీ మంటకీ ఏమిటి సంబంధం?"

"పిల్లలు బయటికి పోవడానికండి."

"అది మంట వచ్చిన తరవాతి మాట. మంట రాకముందు చెయ్యాల్సింది ఏమిటన్నదే శాఖాపరమైన ఆలోచన."

"మంట రాకముందు కుర్చీలు తీసేస్తే సరిపోతుంది కదండీ."

"కండెమ్ కాని వస్తువుని కదపడానికి మీకూ నాకూ అధికారం లేదు. కానీ ఉన్నచోటే ఉన్నతీకరించడానికి నాకు సంపూర్ణాధికారం ఉంది," అన్నారు వాచస్పతిగారు.

రెండ్రోజుల్లో సర్క్యులర్ దిగింది. "జిల్లాలోని సమస్త వసతిగృహములయందు గల ప్లాస్టిక్ వస్తుసముదాయమును శోషక, పరావర్తక వర్గములుగా విభజించి, శోషక వర్గమునకు చెందినవానిని తక్షణమే శ్వేతవర్ణ లేపనముచే పరావర్తకములుగా తీర్చిదిద్దవలయును" అని అందులో ఉంది. దాని వెనకే ఎనామెల్ పెయింటు డబ్బాలూ, టర్పెంటైన్ సీసాలూ వచ్చాయి. వాటిని చల్లని ప్రదేశంలో భద్రపరచమన్నారు. హాస్టల్లో నీడపట్టున ఖాళీగా ఉన్న చోటు గ్యాసు పొయ్యి గట్టు కిందే కాబట్టి, రంగు వేసినన్నాళ్లూ అవి అక్కడే భద్రంగా ఉన్నాయి.

విరిగిన కుర్చీలకి సున్నం వేసినట్టు తెల్లరంగు వేశారు. కొన్ని కాళ్లు లేనివాటికి, ఉన్న కాళ్లకే వేశారు. అక్కడితో ఆగితే అది సర్క్యులర్ ఎందుకవుతుంది? జిల్లా కార్యాలయం నుంచి ఒక బృందం వచ్చి పిల్లల పెట్టెలు తెరిపించింది. నల్ల దువ్వెనలు శోషకాలు. ఎర్ర మగ్గులు శోషకాలు. జడ క్లిప్పులు, సబ్బు పెట్టెలు, జామెట్రీ బాక్సులో కోణమానిని, అన్నీ రంగులో ముంచి తీగ మీద ఆరేశారు. ఆ దువ్వెనలతో దువ్వుకున్న పిల్లల తలల్లో తెల్లచారలు పడ్డాయి. ఆదివారం చూడ్డానికొచ్చిన తల్లులు, చదువు బెంగతో పిల్లలకి జుట్టు నెరిసిపోయిందని లబోదిబోమన్నారు.

అగ్నిప్రమాదాల కోసం ఇసక నింపి వేలాడదీసిన ఎర్ర బకెట్లకీ రంగు పడింది. వాటి మీదున్న "అగ్ని" అనే మాట నల్ల అక్షరాల్లో ఉంది గనక, దాన్నీ తెల్లగా రాయించారు. బకెట్ల మూతలు రంగుకి అతుక్కుపోయి ఇంక ఊడి రాలేదు. ఇసక బయటికి రాకపోయినా, బకెట్లు మాత్రం వేడిని తిప్పికొడుతున్నాయని రిపోర్టు వెళ్లింది.

అంతా సవ్యంగా జరుగుతోందనుకుంటుండగా పక్క ఆఫీసు నుంచి అభ్యంతరం వచ్చింది. హాస్టల్ వెనక సందుకి అవతల మత్స్యశాఖ వారి కార్యాలయం ఉంది. "తమ కుర్చీలు తిప్పికొట్టు వేడి ఏ దిక్కునకు పోవునో సర్క్యులర్‌లో ఎచ్చటనూ పేర్కొనలేదు. మా కార్యాలయమున చేపపిల్లల తొట్లు కలవు. పరావర్తిత ఉష్ణమును స్వీకరించుటకు మా శాఖ సమ్మతించదు" అని వారు రాశారు.

దీనిమీద ఉభయ శాఖల సమావేశం హాస్టల్లోనే జరిగింది. తిప్పికొట్టిన వేడి ఎవరిది, పుట్టించిన శాఖదా, అందుకున్న శాఖదా అని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. మంగతాయారు మజ్జిగ గ్లాసులు అందిస్తూ వింది. ఎక్కడా మంటే లేదు గదా, ఈ వేడి ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరైనా అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు.

చివరికి వాచస్పతిగారే మార్గం కనిపెట్టారు. కుర్చీలన్నిటినీ పొయ్యి వైపు మొహం పెట్టి, సందు లేకుండా ఒకదాన్నొకటి హత్తి, నైలాను తాళ్లతో బిగించాలి. అప్పుడు పొయ్యినుంచి వచ్చిన వేడి తిన్నగా పొయ్యికే తిరిగిపోతుంది. చేపలు చల్లగా ఉంటాయి, వంటకి గ్యాసు కూడా కలిసొస్తుంది. మత్స్యశాఖవారు చప్పట్లు కొట్టారు.

"మరి తలుపండీ?" అంది మంగతాయారు.

"ఏ తలుపు?"

"ఆ కుర్చీల వెనకాల ఉన్నదండి."

వాచస్పతిగారు జాలిగా నవ్వారు. "ఇప్పుడవి కుర్చీలు కాదమ్మా. ఉష్ణ నిరోధక కుడ్యం. రేపటినుంచి అగ్నిమాపక సామగ్రి కింద స్టాకులో చూపించండి. ఇకమీదట దాన్ని కదిపితే భద్రతా సామగ్రిని ధ్వంసం చేసినట్టు. అయినా తలుపు తీస్తే గాలి వస్తుంది, గాలి వస్తే మంట పెరుగుతుంది. ఆలోచించి చూడండి, ఆ తలుపు మూసి ఉండటమే పిల్లలకి క్షేమం."

ఆ మాట విన్నాక మంగతాయారుకి మొదట నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. అంతవరకూ ఆ తలుపు ముందు చెత్త ఉంది. చెత్తని ఎప్పటికైనా ఎవరో ఒకరు తీస్తారని ఆశ. ఇప్పుడక్కడ పథకం ఉంది. పథకాన్ని తీసే మొనగాడు ఎక్కడా పుట్టలేదని ఇన్నేళ్ల నౌకరీలో ఆవిడకి బాగా తెలుసు.

కుడ్యం పేరు రాజధాని దాకా పాకింది. జాయింట్ డైరెక్టరుగారే స్వయంగా చూడ్డానికి వస్తున్నారనీ, ఆయన సమక్షంలో ఉష్ణ పరావర్తన ప్రదర్శన జరపాలనీ కబురొచ్చింది. భోజనాల హాలు ముందు తలుపు మీద, లోపలివైపు, అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో జాయింట్ డైరెక్టరుగారి బొమ్మ పెద్దదిగా, వాచస్పతిగారి బొమ్మ అంతకంటే కొంచెమే చిన్నదిగా ఉంది. హాల్లో ఒక ఇనప బాండీలో కొబ్బరిచిప్పలు పోసి మంట పెట్టాలి. దానికి చెరో పక్కా, జిల్లా కార్యాలయం నుంచి తెచ్చిన ఒక నల్ల కుర్చీ, రంగు వేసిన ఒక తెల్ల కుర్చీ ఉంచాలి. బాండీని గుమ్మం దగ్గరే పెడితే ఫొటోలో ఫ్లెక్సీ కూడా పడుతుందని వాచస్పతిగారు సెలవిచ్చారు.

"పిల్లలు హాల్లో బంతులుగా కూర్చుని చప్పట్లు కొడతారు," అన్నారాయన.

"వద్దండి," అంది మంగతాయారు. పై అధికారితో ఆ మాట అనడం ఆవిడకి అదే మొదటిసారి. నోరు జారానేమోనని వెంటనే సర్దుకుంది. "హాల్లో ఫ్యాన్లున్నాయండి. ఫ్యాన్ల కింద తమలాంటివారు కూర్చోవాలి గానీ పిల్లలెందుకు? వాళ్లకి ఆరుబయట షామియానా వేయిస్తాను. అక్కణ్ణించే కొడతారు చప్పట్లు."

మర్యాద తెలిసిన మనిషి అని వాచస్పతిగారు మెచ్చుకున్నారు.

ఆ రోజు రానే వచ్చింది. జాయింట్ డైరెక్టరుగారికి భోజనం ఉంది కాబట్టి జిల్లాలో ఉన్న అధికారులందరికీ తీరుబడి దొరికింది. ఇంజనీరుగారూ వచ్చారు, అకౌంట్స్ ఆఫీసరుగారూ వచ్చారు. పొద్దుట్నుంచీ నూకరత్నం పెద్ద పొయ్యి మీద కోడి పలావు వండుతూనే ఉంది. ఆ సెగంతా నేరుగా కుడ్యం మీదికి పోతోంది. కుడ్యం దాన్ని పొయ్యికి తిప్పి పంపకుండా, ఎప్పటిలాగే గుటకలు వేస్తూ కూర్చుంది.

బాండీలో మంట వేశారు. వాచస్పతిగారు మైకు పుచ్చుకున్నారు.

"అయ్యా, ఒకే మంట, రెండు కుర్చీలు. శోషకం ఎలా పతనమవుతుందో, పరావర్తకం ఎలా నిలబడుతుందో తమరే తిలకించండి."

కాసేపటికి నల్ల కుర్చీ వీపు మెల్లిగా ముందుకి వాలింది. సభ చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగకముందే తెల్ల కుర్చీ మీద రంగు బుడగలెత్తి, అదీ నల్లదానిలాగే వాలిపోయింది. వాచస్పతిగారు ఒక్క క్షణం తడబడ్డారు, అంతే.

"గమనించారు కదా. నల్ల కుర్చీ లొంగిపోయి ఒంగింది. తెల్ల కుర్చీ ప్రతిఘటిస్తూ ఒంగింది."

జాయింట్ డైరెక్టరుగారు గంభీరంగా తల పంకించారు. అందరూ కుర్చీల్నే చూస్తున్నారు గానీ, పైకి ఎవరూ చూడలేదు. బాండీ సెగకి గుమ్మం మీది ఫ్లెక్సీ ముడుచుకుపోవడం మొదలెట్టింది. ముందు వాచస్పతిగారి బొమ్మలో గడ్డం సాగింది. తరవాత చిరునవ్వు చుక్కలు చుక్కలుగా కారింది. మరుక్షణం ఫ్లెక్సీ భగ్గుమని అంటుకుని, తాళ్లు తెగి, ఆ గుమ్మానికి అడ్డంగా మండుతూ కిందపడింది.

షామియానా కింద పిల్లలు కెవ్వుమని లేచి వీధి గేటు వైపు పరిగెత్తారు. వాళ్లని ఆపేది ఏదీ లేదు. లోపల అధికారులకి మాత్రం నల్లపొగ, ఫ్యాన్లు, మండే గుమ్మం మిగిలాయి.

"ఇంకో తలుపు లేదా?" అని జాయింట్ డైరెక్టరుగారు కేకపెట్టారు.

"ఉందండి," అంది మంగతాయారు చీరకొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "కుడ్యం వెనకాల ఉంది."

ఇన్నేళ్లుగా కదలని గుట్టని అధికారులు చేతుల్తోనే పీకడం మొదలెట్టారు. కోరం ఉందా, తీర్మానం ఉందా అని ఎవరూ చూడలేదు. ఇంజనీరుగారు నైలాను తాడుని పళ్లతో కొరికారు. అకౌంట్స్ ఆఫీసరుగారు స్టాకు ఐటాల్ని ఒక్కొక్కటిగా నెత్తిమీదుగా వెనక్కి విసిరారు. వాచస్పతిగారు అంతసేపు ఆగలేక కుడ్యం ఎక్కారు. పొయ్యి వైపు కుర్చీలు పొద్దుట్నుంచీ సెగ తాగి హల్వాలా ఉన్నాయి. ఆయన కుడికాలు వాటిల్లోకి దిగబడింది. ఇద్దరు పట్టుకుని లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. ఈలోగా గడియ ఊడింది. తలుపు బార్లా తెరుచుకుంది. అందరికంటే ముందు సందులో పడ్డది వాచస్పతిగారే.

నూకరత్నం తెల్ల బకెట్ల జోలికి పోలేదు. పొయ్యి ఆర్పేసి, అంట్లు తోమే కుండీలో నీళ్లు బిందెతో ముంచి గుమ్మం మీద కుమ్మరించింది. ఇటు అధికారులు సందులో దగ్గుకుంటూ ఉండగానే అటు మంట ఆరిపోయింది.

పొగ తేరుకున్నాక వాచస్పతిగారు కూడా తేరుకున్నారు. ఒంటి బూటుతో హాల్లోకి వచ్చి నడుం మీద చేతులేసుకున్నారు.

"ప్రదర్శన దిగ్విజయంగా జరిగింది. కానీ భద్రతా సామగ్రి ధ్వంసమైంది. దీనికి బాధ్యులెవరో విచారణలో తేలుతుంది. అందాకా కుర్చీలన్నిటినీ సాక్ష్యం కింద యథాస్థానంలో పేర్చి ఉంచండి."

"యథాస్థానమంటే తలుపుకి అడ్డంగానాండీ?"

"మరెక్కడ?"

మంగతాయారుకి కళ్ల ముందు షామియానా కాదు, హాలు కనిపించింది. పిల్లలు బంతులుగా ఇక్కడే కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకుంది. ఆ ఊహ కాస్తా కోపమైంది. కోపం వచ్చినప్పుడు ఆవిడ గొంతు ఇంకా నెమ్మదిస్తుంది.

"అలాగేనండి. ఓసారి ఇటొచ్చి చూడండి, ఇదీ సాక్ష్యంలోకే వస్తుందేమో చెబుదురుగాని."

పొయ్యి వైపున్న నాలుగైదు కుర్చీలు కరిగి ఒక్క ముద్దయి, అప్పటికే చల్లారి రాయిలా బిగుసుకున్నాయి. ఆ ముద్ద నడిమధ్య, మడమ కొంచెం పైకి లేచి, ఖరీదైన నల్లబూటు ఒకటి నిలబడి ఉంది. వాచస్పతిగారు గబుక్కున వంగి దాన్ని లాగారు. రెండు చేతులా లాగారు. అది కుర్చీలో కలిసిపోయింది.

"విచారణకి వచ్చినవాళ్లు ఇదెవరిదని అడుగుతారు కదండీ. చెప్పకపోతే తప్పు. ఎటు పరిగెడుతుండగా ఊడిందనీ అడుగుతారు. బూటు మొహం వెనక తలుపు వైపే ఉంది. మూసి ఉండటమే క్షేమమన్నారు కదండీ తమరు, ఆ తలుపు."

వాచస్పతిగారు బూటు వైపు చూశారు. తలుపు వైపు చూశారు. అవతల జాయింట్ డైరెక్టరుగారు పలావు వడ్డించమంటున్న గొంతు వినబడింది.

"ఏం చెయ్యమంటారమ్మా?" అన్నారు గొంతు తగ్గించి.

"నేను చెప్పేదేముందండి. ఇంజనీరుగారు ఉన్నారు, అకౌంట్స్ ఆఫీసరుగారు ఉన్నారు, తమరున్నారు. కమిటీ మొత్తం ఇక్కడే ఉంది. కండెమ్ అయిన వస్తువు మీద విచారణ ఉండదు కదండీ."

కండెమ్నేషన్ కమిటీ ఆ విధంగా మొట్టమొదటిసారి సమావేశమైంది. వాచస్పతిగారు ముందు సంతకం పెట్టాక, మిగతా సభ్యులిద్దరూ ఎడంచేత పలావు కంచాలు పట్టుకుని కుడిచేత సంతకాలు పెట్టారు. పెన్ను మీద నెయ్యి అంటింది గానీ సంతకాలు చక్కగానే పడ్డాయి. కుర్చీలు విరిగినవేనని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు.

"మరి నా బూటు?" అన్నారు వాచస్పతిగారు.

"కండెమ్ అయిన వస్తువులోంచి భాగం విడదియ్యాలంటే కమిటీ మళ్లీ కూర్చోవాలండి," అంది మంగతాయారు ఎంతో వినయంగా.

ఆయన రెండో బూటు కూడా విప్పి చేత పట్టుకుని జీపెక్కారు.

సాయంత్రానికల్లా పాత సామాన్లవాడు వచ్చి కుర్చీలన్నీ బండి మీద వేసుకుపోయాడు. ముద్దని మాత్రం ముట్టనన్నాడు. "లోపల మనిషేమైనా ఉన్నాడేమోనండి, ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు. మంగతాయారూ నూకరత్నం కలిసి దాన్ని ఈడ్చుకెళ్లి, గాలికి కొట్టుకోకుండా వెనక తలుపు రెక్కకి అడ్డం పెట్టారు. ఆ పూట పిల్లలు ముందు తలుపులోంచి వచ్చి అన్నాలు తిని, వెనక తలుపులోంచి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆరో తరగతి పిల్లలు ఊరికే రెండుసార్లు తిరిగొచ్చి మళ్లీ వెళ్లారు.

తరవాత రిపోర్టు కూడా వచ్చింది. "కుర్చీలు శ్వేతవర్ణములో ఉండుటవలననే అధికారులందరూ సురక్షితముగా బయటపడిరి" అని తేల్చి, పథకాన్ని పొరుగు జిల్లాలకీ విస్తరించారు. ఇప్పటికీ కాకరవాడకి తనిఖీకి వచ్చిన ప్రతివారూ, ఈ తలుపు ఎందుకు తెరిచి ఉందని మొదలుపెడతారు. కింద ముద్దలోంచి బయటికి పరిగెడుతున్న బూటు కనబడగానే, ఉండనివ్వండి లెమ్మని రిజిస్టర్లు అడుగుతారు. మంగతాయారు రిజిస్టర్లు చూపించి, వాళ్లు వెళ్లిపోయాక, పిల్లల బంతి చివర కూర్చుని కడుపునిండా అన్నం తింటుంది.